దారి మూయని హోటల్



పోయిన నెల మేం ముగ్గురం సముద్రం పక్కన ఒక ఖరీదైన హోటల్లో రెండు రాత్రులు ఉండొచ్చాం. ఫొటోలు చూసి చాలామంది అడిగారు. ఎంతయింది? మనవాళ్ళని లోపలికి రానిచ్చారా? లాటరీ ఏమన్నా తగిలిందా? ఒక తమ్ముడైతే "ఆ డబ్బుతో కోచింగ్ ఫీజు కట్టుకోవచ్చు కదక్కా" అన్నాడు. అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాం. కొంచెం పొడుగే. అయినా చివరిదాకా చదవండి, మీతో పనుంది.

ముందు డబ్బు సంగతి. గది అద్దె రోజుకి 8,000. అక్కడ పనిచేసేవాళ్ళ తరఫు మనుషులకి ఏడాదికి ఒకసారి, రద్దీ లేని రోజుల్లో, సగం ధరకి ఇస్తారు. ఒకే గదిలో ముగ్గురం సర్దుకున్నాం. రెండు రాత్రులకి తిండితో కలిపి మనిషికి 3,500 అయింది. అదీ తక్కువేం కాదు. ఆరు నెలలు చీటీ వేసుకున్నట్టు పక్కన పెట్టుకున్నాం.

మేం నలుగురం హనుమాన్ జంక్షన్‌లో ఒకే హాస్టల్ గదిలో ఉండి చదువుకున్నవాళ్ళం. ఇద్దరం ఎరుకల, ఒకరం ఎ.కొండూరు వైపు తండా నుంచి వచ్చిన సుగాలి. నాలుగో ఆమె యానాది, ఆ హోటల్లో ముందు బల్ల దగ్గర పని ఆమెదే. జంక్షన్ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇటు విజయవాడ, అటు ఏలూరు, ఒకపక్క నూజివీడు, ఇంకోపక్క గుడివాడ. రాత్రి రెండింటికి కూడా లారీ హారన్లు, బస్సుల వాళ్ళ కేకలు. చెవుల్లో దూది పెట్టుకుని పరీక్షలకి చదివాం. నిశ్శబ్దం అంటే అది డబ్బున్నవాళ్ళ ఇళ్ళల్లో ఉండే వస్తువు అని అప్పుడే అనుకునేవాళ్ళం. ఆ మాట ఎంత నిజమో ఈ రెండు రోజుల్లో దగ్గర్నుంచి చూశాం.

హోటల్ పేరు రాయట్లేదు, మా స్నేహితురాలి ఉద్యోగం మాకు ముఖ్యం. సూర్యలంకకీ ఓడరేవుకీ మధ్య తీరంలో ఉంటుంది అనుకోండి చాలు. జంక్షన్ నుంచి బస్సులో విజయవాడ, అక్కడ నుంచి రైల్లో చీరాల, ఆ తర్వాత ఆటో. రైలు తెనాలి, బాపట్ల దాటాక స్టువర్టుపురం వస్తుంది. మా ఇద్దరికీ ఆ స్టేషన్ బోర్డు చూడటం అదే మొదలు. కిటికీ దగ్గరికి జరిగి చూశాం. మామూలు ఊరు, మామూలు చెట్లు.

తెలియని తమ్ముళ్ళ కోసం చెప్తున్నాం. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాల్ని పట్టుకొచ్చి ఒకచోట ఉంచడానికి 1913లో సాల్వేషన్ ఆర్మీ వాళ్ళ చేతికిచ్చి పెట్టిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. ఊరి పేరు హెరాల్డ్ స్టువర్ట్ అనే దొరది. ఆ చట్టం కింద ఒకసారి రిజిస్టర్లో పేరెక్కితే వేళకి హాజరు పలకాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. దొంగతనం చేశాడా లేదా అన్నది తర్వాత సంగతి, పుట్టుకే నేరం. దేశమంతా ఆ చట్టం పోయింది 1952లో. ఆగస్టు 31న మనం విముక్తి దినం జరుపుకునేది అందుకే.

ఆ సాయంత్రం హోటల్‌కి చేరాక మా స్నేహితురాలు బల్ల మీద రిజిస్టర్ తెరిచి మా ముందు పెట్టింది. పేరు, ఊరు, ఎక్కడి నుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్తారు, వచ్చిన పని. ఆధార్ కార్డులు ఇచ్చాం. రైల్లో స్టువర్టుపురం గురించి మాట్లాడుకుంటూ వచ్చాం కాబట్టి కాబోలు, మాలో ఒకామెకి పెన్ను పట్టుకోగానే చెయ్యి ఆగిపోయింది. వాళ్ళ ముత్తాత రాత్రి హాజరు కోసం స్టేషన్ అరుగు మీద పడుకునేవాడని ఇంట్లో చెప్తారు. "వచ్చిన పని" అనే గడిలో ఏం రాయాలో మాకు తోచలేదు. మా స్నేహితురాలే నవ్వి "విశ్రాంతి అని రాయండే" అంది. రాశాం. మా ఇళ్ళల్లో ఆ మాట ఏ కాగితం మీదా ఎవ్వరూ రాసి ఉండరు.

హోటల్ ఒక కుటుంబానిది. ముసలావిడ ఒకామె, ఆమె కొడుకు, కోడలు. సరుగుడు తోటలో దూరదూరంగా తొమ్మిది గదులు, అంతే. పెళ్ళిళ్ళకి ఇవ్వరు, డీజే పెట్టనివ్వరు. గదిలో టీవీ లేదు. రాత్రి భోజనానికి ఆ రోజు ఓడరేవులో ఏ చేప దొరికితే అది. మేమున్న రోజు పండుగప్ప. పొద్దున పెసరట్టు. పక్క దుప్పట్లు ఎంత తెల్లగా ఉన్నాయంటే కూర్చోవడానికే భయమేసింది. రాత్రి పడుకుంటే అలల చప్పుడు, సరుగుడు ఆకుల్లో గాలి, ఇంకేం లేదు. మొదటి రాత్రి ఆ నిశ్శబ్దానికే మాకు నిద్ర పట్టలేదు. రెండో రాత్రి పట్టింది.

మాలో సుగాలి అమ్మాయి వాళ్ళమ్మకి వీడియో కాల్ చేసి స్నానాల గది చూపించింది. ఆమె తొట్టి చూసి "అన్ని నీళ్ళు ఒక్క మనిషికేనా?" అంది. తండాలో తాగే నీళ్ళు డబ్బా లెక్కన కొనుక్కునే మనిషి మరి. మేం అడిగితే తెలిసింది, అక్కడా భూమిలో నీళ్ళు ఉప్పగానే ఉంటాయట, మంచినీళ్ళు రోజూ ట్యాంకర్లో వస్తాయి. ఆ తొట్టిలో మేం నీళ్ళు పట్టలేదు. బకెట్‌తోనే పోసుకున్నాం.

పనిచేసేవాళ్ళని మేం అతిథుల్లాగా చూడలేకపోయాం. ఇసుక మీద ఆకులు తెల్లారేలోపే ఎవరో గీకి శుభ్రం చేస్తారు. దుప్పట్లు ఉతికే ఇద్దరు ఆడవాళ్ళ చేతులు సోడాకి పగిలి ఉన్నాయి. ఇంకొకటి గమనించాం. కరెంటు పోతే జనరేటర్ ఆన్ అవుతుంది కానీ గదుల్లోకి దాని చప్పుడు రాదు. ఎందుకంటే దాన్ని తోట వెనక, పనివాళ్ళ గదుల గోడకి ఆనించి పెట్టారు. అంటే మోత ఎక్కడికీ పోలేదు, మన వైపు జరిగింది. మా స్నేహితురాలు ఆ గోడ పక్కనే పడుకుంటుంది. జంక్షన్ అలవాటు ఉంది కదా, పర్లేదులే అంటుంది. జనరేటర్ జరపమని ముసలావిడని అడిగిందట. "చూద్దామమ్మా" అన్నారట. ఇంకా చూస్తూనే ఉన్నారు.

ఇక అసలు సంగతి.

రెండో రోజు తెల్లారుజామున ఐదింటికి వరండాలో కూర్చున్నాం. తోట మధ్యలోంచి, మా గదికి పాతిక అడుగుల దూరంలో, ఒక ఇసుక దారి సముద్రంలోకి దిగుతుంది. ఆ దారిన మనుషులు రావడం మొదలైంది. ముందు అలివి వల లాగే బెస్తవాళ్ళు. వాళ్ళ వెనక పీతల బుట్టలు, చిన్న వలలు పట్టుకుని యానాది కుటుంబాలు, ఆడవాళ్ళు, ఇద్దరు పిల్లలు. హోటల్ వెనక ఉన్న గిరిజన కాలనీ వాళ్ళు. ఎవరూ గట్టిగా మాట్లాడట్లేదు. అరగంటలో అందరూ దాటిపోయారు. ఒక ముసలాయన మా వైపు చూసి "ఏ ఊరమ్మా?" అన్నాడు. జంక్షన్ అని చెప్పాం. "ఓహో, లారీల ఊరు" అన్నాడు.

పక్క గదిలో దిగిన పెద్దమనిషి ఒకాయన మాత్రం ముందు బల్ల దగ్గరికి వెళ్ళాడు. "ఇంత అద్దె తీసుకుని సెక్యూరిటీ లేదా? ఈ జనం ఎవరు, మా గదుల పక్కనుంచి ఎట్లా వదులుతున్నారు?" అని అడిగాడు. బల్ల వెనక ఉన్నది మా స్నేహితురాలు. ఆ జనంలో ఆమె మేనత్త ఉంది. ఆయనకి ఆ సంగతి తెలియదు. ఆమె గొంతు పెంచకుండా, "సార్, అది వాళ్ళ దారి. హోటల్ కంటే ముందు నుంచీ ఉంది. ఐదున్నర తర్వాత ఎవరూ రారు. మీకు ఇబ్బందైతే అటు చివరి గదికి మారుస్తాను" అంది. ఆయన మారాడు. అంతే జరిగింది. మేం పక్కన నిలబడి విన్నాం. ఆమె చెయ్యి మాత్రం బల్ల కింద వణుకుతోంది.

ఇది మొదటిసారి కాదట. ఇలాంటి ఫిర్యాదులు చదివి కొడుకు ఆ దారికి గేటు పెట్టి, చుట్టూ తిరిగి వెళ్ళమని చెప్దామంటున్నాడు. చుట్టూ తిరగడమంటే తడి వల భుజాన వేసుకుని రెండు కిలోమీటర్లు ఎక్కువ. ముసలావిడ ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం మేం ఆవిడతో కూర్చుని టీ తాగాం. మేం ఎవరమో, ఎందుకొచ్చామో తెలుసు ఆవిడకి. దారి సంగతి మేమే ఎత్తాం. "మేం స్థలం కొన్నప్పుడు ఇక్కడ ఉన్నది ఆ దారొక్కటేనమ్మా. దాని వెంబడే నడిచి వచ్చి స్థలం చూసుకున్నాం. నేనున్నంతవరకు గేటు పెట్టనివ్వను" అన్నారు.

ఆవిడ మీద మాకు గౌరవం ఉంది. కానీ గదికి వచ్చాక ముగ్గురం అదే మాట పట్టుకుని కూర్చున్నాం. నేనున్నంతవరకు. ఆవిడకి డెబ్భై దాటాయి. కుటుంబం నడిపే హోటల్లో మంచి ఏంటంటే, ఒక మనిషి కాదంటే కాదు, ఔనంటే ఔను. చెడు కూడా అదే. ఆస్తి కొడుక్కి వస్తుంది. మంచితనం కూడా వస్తుందని ఎవరు రాసిచ్చారు? కాలనీలో యాభై ఇళ్ళ బతుకు ఒక ముసలావిడ మాట మీద ఆధారపడి ఉండకూడదు.

ఆవిడ మాట అవసరం లేకుండానే చట్టం ఏం చెప్తుందో చూశాం. తీర ప్రాంతాల నియంత్రణకి కేంద్రం మొదటి నోటిఫికేషన్ 1991లో ఇచ్చింది, 2011లో మార్చింది. బీచ్ హోటళ్ళ గురించి 2011 దాంట్లో స్పష్టంగా ఉంది. సొంత స్థలం చుట్టూ కంచె వేసుకోవచ్చు కానీ అది జనం బీచ్‌కి వెళ్ళడానికి అడ్డం రాకూడదు. రెండు హోటళ్ళ మధ్య కనీసం 20 మీటర్ల వెడల్పున దారి వదలాలి. పోటు గీతకి 200 మీటర్ల లోపల భూగర్భ జలం తోడకూడదు. ఇసుక దిబ్బలు చదును చెయ్యకూడదు. 2019లో కొత్త నోటిఫికేషన్ వచ్చి కట్టడాలకి దూరాల లెక్కలు మార్చింది. జనసాంద్రత చదరపు కిలోమీటరుకి 2,161 దాటిన పల్లె ప్రాంతాల్లో 200 మీటర్ల హద్దు 50 మీటర్లకి తగ్గింది. మీ ఊరు ఏ లెక్కలోకి వస్తుందో తీర ప్రాంత నిర్వహణ పటం చూస్తే తెలుస్తుంది. మనకి కావాల్సిన ముక్క ఒకటే. స్థలం వాళ్ళదే కావచ్చు, సముద్రం ఒడ్డు మాత్రం ఎవరి సొంతమూ కాదు.

వేరే దేశాల్లో ఇది రెండు రకాలుగానూ జరిగింది. బార్బడోస్ అనే చిన్న దీవి ఎక్కువగా టూరిస్టుల మీదే బతుకుతుంది, అయినా అక్కడ బీచ్‌లన్నీ జనానివే. ఎంత పెద్ద హోటల్ ముందైనా ఊరివాళ్ళు వచ్చి స్నానం చెయ్యొచ్చు. జమైకాలో 1956లో తెచ్చిన బీచ్ కంట్రోల్ చట్టం తీరాన్ని ప్రభుత్వం చేతిలో పెట్టింది, మామూలు జనానికి హక్కు రాయలేదు. హోటళ్ళు లైసెన్సులు తీసుకుని గోడలు కట్టాయి. అక్కడి బెస్తవాళ్ళు, ఊరివాళ్ళు ఇప్పటికీ కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. ఇద్దరికీ ఉన్నది ఒకే సముద్రం. కాగితం మీద ఏం రాసి ఉందన్నదే తేడా.

యానాదులకి కాగితం లేకపోవడం ఎట్లా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. శ్రీహరికోట దీవి వాళ్ళది. అడవిలో దుంపలు, తేనె, కాలవల్లో చేపలు. రాకెట్ కేంద్రం కోసం దీవి తీసుకున్నప్పుడు వాళ్ళని జరిపారు. 1971 అక్టోబర్‌లో అక్కడి నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. తరతరాలుగా తిరిగిన నేల, కానీ పట్టా ఎవరి పేరునా లేదు. మన ఏజెన్సీ అన్నలకి 1/70 ఉంది. షెడ్యూల్డ్ ఏరియాలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని అది చెప్తుంది. 1997 సమతా తీర్పు ఉంది. వాటిని ఎంత తుంగలో తొక్కుతున్నా, చూపించి అడగడానికి ఒక కాగితం ఉంది. కృష్ణా, బాపట్ల జిల్లాల్లో షెడ్యూల్డ్ ఏరియా లేదు. మైదాన గిరిజనులం మేం, ఎరుకల, యానాది, సుగాలి, ఆ గొడుగు కింద లేం. అందుకే మాకు చిన్న చిన్న కాగితాలే దిక్కు. డీ పట్టా, పంచాయతీ తీర్మానం, గ్రామ పటంలో ఒక గీత.

మాలో ఒకామె సచివాలయంలో పనిచేస్తుంది. ఆమె చెప్పింది ఇదీ. పాత దారి గ్రామ పటంలో డొంకగా గీసి ఉంటే దాన్ని ఎవరూ మూయలేరు, స్థలం అమ్ముడుపోయినా సరే. అక్కడి సర్వేయర్‌ని ఎఫ్.ఎం.బి., అడంగల్ చూపించమని అడగాలి. చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు. పటంలో ఉంటే నకలు తీసుకుని కాలనీలో దాచుకోవాలి. లేకపోతే గ్రామసభలో తీర్మానం పెట్టించాలి. దరఖాస్తు మేం రాసిచ్చాం. హోటల్లో పనిచేసే మా స్నేహితురాలి పేరు అందులో లేదు. కాలనీలో ఇంటర్ చదివే కుర్రాడి సంతకంతో వెళ్ళింది. జవాబు రావాలి.

మా స్నేహితురాలు తన వంతుగా ఒక పని చేసింది. ప్రతి గదిలో భోజనం వేళలు, వైఫై వివరాలు ఉండే ఫైల్ ఒకటి ఉంటుంది. అందులో ఒక కాగితం చేర్చింది. "ఉదయం ఐదు, ఐదున్నర మధ్య స్థానిక మత్స్యకారులు, యానాది కుటుంబాలు తోటలోని దారిన సముద్రానికి వెళ్తారు. ఇది వారి పాత దారి. దయచేసి దారి ఇవ్వండి" అని తెలుగులో, ఇంగ్లీషులో. ముసలావిడకి చూపించి ఆవిడ సంతకం తీసుకుంది. కొడుకు చూశాడు, ఏమీ అనలేదు. మేం వచ్చే రోజు ఒక అతిథి ఆ కాగితం చదివి, రేపు వల లాగడం చూడొచ్చా అని అడిగాడట. జనం నడిస్తే నిశ్శబ్దం చెడదు. వాళ్ళెవరో తెలియకపోతేనే కొందరికి చెవుల్లో మోత మోగుతుంది.

ఇప్పుడు ఇంటర్, డిగ్రీ చదివే చెల్లెళ్ళకి, తమ్ముళ్ళకి రెండు మాటలు. హోటల్ లైన్ అనగానే ఇంట్లోవాళ్ళు ప్లేట్లు కడగడమే అనుకుంటారు. మనవాళ్ళని చాలాచోట్ల తీసుకునేది కూడా ఆ పనికే. మా స్నేహితురాలు కూడా డిగ్రీ అయ్యాక దుప్పట్లు మార్చే పనిలోనే చేరింది. ఏడాదిన్నర తర్వాత ముందు బల్లకి వచ్చింది. కానీ నేరుగా వచ్చే దారి కూడా ఉంది. ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా ఇంటర్ పాసైతే ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ రాయొచ్చు. ఎన్‌టీఏ పెడుతుంది. మూడేళ్ళ బీఎస్సీ. హైదరాబాద్‌లో, తిరుపతిలో హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలున్నాయి. కేంద్ర సంస్థల్లో మనకి 7.5 శాతం సీట్లు.

ఒబెరాయ్ హోటళ్ళ పేరు విని ఉంటారు. ఆ కుటుంబంలో మొదటివాడు మోహన్‌సింగ్ ఒబెరాయ్ 1922లో సిమ్లాలో ఒక హోటల్లో యాభై రూపాయల జీతానికి గుమాస్తాగా చేరాడు. 1934లో ఆస్తి, భార్య నగలు తాకట్టు పెట్టి మొదటి హోటల్ కొన్నాడు. ఈ కథ చెప్పి మీరూ అంతటివాళ్ళు కండి అనేవాళ్ళని నమ్మకండి. తాకట్టు పెట్టడానికి ఆయన ఇంట్లో నగలున్నాయి. మన ఇళ్ళల్లో ఏమున్నాయో మనకి తెలుసు. కానీ గుమాస్తా బల్ల దగ్గర కూర్చున్నవాడికి హోటల్ ఎట్లా నడుస్తుందో మొత్తం కనిపిస్తుంది. ఆ మాట నిజం. ఏజెన్సీలో సొంత భూమి ఉన్నవాళ్ళు లంబసింగి, అరకు, మారేడుమిల్లి వైపు దాన్ని ఎవరికో లీజుకిచ్చి, అదే స్థలంలో వాచ్‌మన్‌గా చేరుతున్నారు. అట్లా ఇచ్చేముందు ఒక్క పిల్లనో పిల్లాడినో ఈ చదువు చదివించండి. రెండు గదులైనా సరే, మీ పేరు మీద ఉండాలి.

ఇక మీతో పని. నిజాంపట్నం నుంచి కాకినాడ దాకా, అటు నెల్లూరు వైపు కూడా, తీరంలో ఉన్న మన పిల్లలు ఈ గ్రూపులో చాలామందే ఉన్నారు. మీ ఊళ్ళో సముద్రానికో కాలవకో వెళ్ళే పాత దారి ఎక్కడైనా గేటు వెనకకి పోయిందా? పోబోతోందా? ఊరి పేరు, మండలం, దారి ఎటు నుంచి ఎటు వెళ్తుందో రాయండి. మనుషుల పేర్లు రాయకండి. దరఖాస్తు నమూనా మేం పంపిస్తాం, ఎట్లా నింపాలో ఫోన్లో చెప్తాం. మాకు వచ్చే జవాబు, ఔనైనా కాదైనా, ఇక్కడే పెడతాం.

కోచింగ్ ఫీజు తమ్ముడికి కూడా జవాబు చెప్పాలి. ఫీజు కట్టు, చదువు. అది అయ్యాక ఒక్కసారైనా ఎక్కడికో వెళ్ళి, రిజిస్టర్లో వచ్చిన పని విశ్రాంతి అని రాసి రా. అది కూడా మనకి రావాల్సిన బాకీయే.